పింఛను తరవాతి పని

తెలుగు పల్లెలో వ్యవసాయం చేసే మనిషికి రిటైర్మెంటు అనే మాట ఈనాటికీ అతకదు. ఫలానా తేదీ సాయంత్రం నాగలి దించేసి మరునాటి నుంచి ఊరికే కూర్చునే రోజు రైతు జీవితంలో ఉండదు. నడుము వంగేకొద్దీ పని మారుతుంది. దుక్కి దున్నిన మనిషి కొన్నేళ్ళకు గట్ల మీద తిరిగి నీరు కట్టేవాడవుతాడు. ఆ ఓపికా తగ్గితే కల్లం కాపలాకు, పశువుల మేతకు మళ్ళుతాడు. చివరికి కొట్టం నీడన కూర్చుని పలుపులూ పగ్గాలూ పేనుతాడు, మంచాలకు నులక అల్లుతాడు. ఏ చెక్కలో ఏ విత్తనం నిలుస్తుందో, ఏ గాలికి వాన పడుతుందో చెప్పడం మాత్రం చేతులు వణికే వయసులోనూ ఆయన పనే. కొడుకులు ఆ మాట విన్నా వినకపోయినా ఒకసారి వచ్చి అడిగేవారు. పాత కాలంలో పెద్దరికం అంటే ఆ అడగడమే.

ఊరి వృత్తుల్లోనూ ఇదే తీరు. కరణీకం, మునసబీ, తెలంగాణలో పటేల్, పట్వారీ పనులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. చాలాకాలం వాటికి ప్రతిఫలం మాన్యం భూమి రూపంలో ఉండేది. కరణానికి చూపు మందగిస్తే కొడుకు లెక్క రాసేవాడు, తండ్రి పక్కన కూర్చుని సరిహద్దులు చెప్పేవాడు. కాగితం మీద లేని గట్టు తగాదాలు ఆ ముసలాయన జ్ఞాపకంలో ఉండేవి. కమ్మరి కొలిమిలో, సాలె మగ్గం దగ్గర కూడా పని ఒక చేతి నుంచి మరో చేతికి మెల్లగా జారేది తప్ప ఒక్కరోజులో తెగేది కాదు. అయితే ఈ ఏర్పాటును బంగారు కాలంగా చెప్పుకుంటే అబద్ధమే అవుతుంది. పెద్దరికం భూమినీ కులాన్నీ అంటిపెట్టుకుని ఉండేది. పాలేరుగా బతికినవాడికి ముసలితనంలో రచ్చబండ మీద చోటు దొరికేది కాదు, తీర్పులో మాటా ఉండేది కాదు. ఒంట్లో శక్తి ఉన్నంతకాలం కూలి, అది పోయాక కొడుకు పెట్టే గంజి. వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్సుతో రద్దు చేసినప్పుడు ఊళ్ళలో చాలామంది సంతోషించడానికి అదే కారణం.

ముసలితనం ఎలా గడపాలో శాస్త్రాలు వేరే లెక్క చెప్పాయి. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం తరవాత వానప్రస్థం, ఆ తరవాత సన్న్యాసం. ఒంటి మీద ముడతలు, తలలో నెరుపు, ఇంట్లో మనవడు కనిపించాక గృహస్థు అడవి దారి పట్టాలని మనుస్మృతి విధించింది. మహాభారతంలో ఆశ్రమవాస పర్వం నడిచేది ఈ దారినే. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి రాజభవనం వదిలి వనానికి వెళ్తారు. తెలుగులో ఆ పర్వం తిక్కన చేతి మీదుగా పండితుల ఇళ్ళకూ పురాణ శ్రోతలకూ అందింది. విన్నవాళ్ళు ఎక్కువ, వెళ్ళినవాళ్ళు బహు తక్కువ. నిజజీవితంలో వానప్రస్థం ఇంటి అరుగు మీదికే వచ్చింది. పెత్తనం కొడుక్కి, తాళాలు కోడలికి అప్పగించి, తెల్లవారుజామున స్నానం, జపం, మధ్యాహ్నం పురాణ కాలక్షేపం, ఎండాకాలం బాటసారులకు చలివేంద్రం. తెలుగు ఇళ్ళలో అడవికి బదులు దొరికినవి ఇవే.

అడవికి బదులు కాశీ కూడా ఉంది. రైళ్ళు లేని రోజుల్లో కాశీకి వెళ్ళడమంటే తిరిగి రాకపోవడానికి సిద్ధపడటమే. అక్కడే ప్రాణం వదలాలని వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య ప్రయాణం ఇందుకు భిన్నమైంది. 1780లో పుట్టిన ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. ఏభై ఏళ్ళ వయసులో, 1830 మే 18న పెద్ద పరివారంతో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడుగునా చూసిన ఊళ్ళు, ధరలు, దారులు, మనుషుల అలవాట్లు ఎప్పటికప్పుడు రాసి మిత్రుడికి పంపించాడు. ఆయన 1836లో కన్నుమూశాక ఆ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె 1838లో దాన్ని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు. సంసారానికి వీడ్కోలుగా జనం తలచే యాత్ర, ఏభై ఏళ్ళ మనిషి చేతిలో లోకాన్ని కొత్తగా చూసే పని అయింది. తెలుగు వచనంలో యాత్రాచరిత్ర అనే ప్రక్రియకు పునాది పడింది అక్కడే.

వయసుకు గుర్తుగా తెలుగువారు పాటించే మరో లెక్క షష్టిపూర్తి. ప్రభవ నుంచి అక్షయ వరకు అరవై సంవత్సరాల చక్రం ఒకటి పూర్తయితే, పుట్టిన నాటి సంవత్సరం అదే పేరుతో తిరిగి వస్తుంది. వాడుకలో ఇది పండగలా కనిపించినా మూలంలో శాంతికర్మ. అరవయ్యో ఏట ఉగ్రరథ శాంతి, డెబ్బయ్యో ఏట భీమరథ శాంతి చేయించడం వెనక గండం దాటాలన్న భయం ఉంది. వెయ్యి పున్నముల చంద్రుణ్ణి చూసిన గుర్తుగా ఎనభై దాటాక చేసే సహస్ర చంద్రదర్శనం నాటికి ఆ భయం స్థానంలో తృప్తి చేరుతుంది. వెయ్యి పున్నములంటే సుమారు 80 ఏళ్ళ 10 నెలలు. షష్టిపూర్తి నాడు భార్య మెడలో మళ్ళీ తాళి కట్టడం, పిల్లలు కాళ్ళు కడిగి బట్టలు పెట్టడం ఆనవాయితీ. 20వ శతాబ్దంలో దీనికి సన్మాన సంచిక తోడైంది. కవికో పండితుడికో అరవై నిండితే శిష్యులూ మిత్రులూ వ్యాసాలు రాసి పుస్తకం తెచ్చేవారు. వేరెక్కడా దొరకని సాహిత్య చరిత్ర ఎంతో ఆ సంచికల్లో మిగిలి ఉంది.

ఇన్ని ఏర్పాట్లలో ఎక్కడా లేని కొత్త సంగతి ఒకటి ఇంగ్లీషు పాలనతో వచ్చింది. అది పింఛను. ఈస్టిండియా కంపెనీ మొదట సిపాయిలకూ, తరవాత ఇతర ఉద్యోగులకూ పని మానాక కొంత సొమ్ము ఇవ్వడం మొదలుపెట్టింది. 1871లో పింఛన్ల చట్టం వచ్చింది. 1922 నుంచి అమలైన ఫండమెంటల్ రూల్స్ సాధారణ ఉద్యోగికి 55 ఏళ్ళను హద్దుగా నిలిపాయి. నిజాం రాజ్యంలో దీన్ని వజీఫా అనేవారు, పుచ్చుకునేవారిని వజీఫాయాబ్ అనేవారు. పుట్టిన తేదీ కాగితం మీద ఉండటం, ఆ కాగితాన్ని బట్టి ఒంట్లో ఓపిక ఉన్న మనిషి పని నిలిచిపోవడం తెలుగు సమాజం అంతకుముందు ఎరగని అనుభవం. చేతిలో కొద్దిపాటి స్థిరమైన రాబడి, ముందు పదో ఇరవయ్యో ఏళ్ళు, చెయ్యమని ఎవరూ చెప్పని రోజు. ఆ ఖాళీని కొందరు ఎలా నింపారో చూస్తే ఆధునిక తెలుగు చరిత్రలో సగం అక్కడే కనిపిస్తుంది.

గిడుగు వెంకట రామమూర్తి జీవితం అందులో తలమానికం. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, చిన్ననాడే తండ్రిని పోగొట్టుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడయ్యాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి 1911లో విరమించేనాటికి ఆయనకు 48 ఏళ్ళు. అప్పటికే ముఖలింగం శాసనాలు సొంతంగా చదవడం నేర్చాడు, సవర భాష పట్టుబడింది. ఆ కొండల్లో తిరిగినప్పుడు పట్టుకున్న జ్వరానికి వాడిన క్వినైను చెవులను దెబ్బతీసింది. పూర్వపు లెక్కలో చూస్తే ఆయన అరుగు మీద విశ్రాంతి తీసుకోవలసినవాడు. ఆ తరవాత ఆయన బతికిన 29 ఏళ్ళే తెలుగు వచనానికి దారి మార్చాయి.

బడి పుస్తకాలూ పరీక్షలూ వాడుక భాషలో ఉండాలన్న వాదం 1907 ప్రాంతంలో, ఇంగ్లీషు విద్యాధికారి జె.ఎ.యేట్స్, గురజాడ అప్పారావు, పి.టి.శ్రీనివాస అయ్యంగార్లతో కలిసి గిడుగు మొదలుపెట్టిందే. ఉద్యోగం ఉండగా అది ఎన్నో పనుల్లో ఒక పని. ఉద్యోగం పోయాక అదే పని అయింది. 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో విజ్ఞాపన పత్రం వెలువరించాడు. 1915లో గురజాడ పోయాక బరువంతా ఆయన మీదే పడింది. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి నడిపాడు. ఊరూరా తిరిగి సభల్లో గ్రాంథిక పండితులతో వాదించాడు. గ్రాంథికం కోరే పండితులే గ్రాంథికం తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ళ రచనల్లోంచే ఉదాహరణలు ఏరి చూపడం ఆయన పద్ధతి. ‘బాలకవి శరణ్యం’, ‘గద్య చింతామణి’ పుట్టింది ఆ వాదాల్లోంచే. చెవులు వినపడని మనిషి మనుషులు మాట్లాడే భాష కోసం పోరాడటం ఈ చరిత్రలో గుండెను పట్టే విషయం.

సవర పనీ ఆగలేదు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మొదటి పుస్తకం నాటికి ఆయనకు 68, రెండో దాని నాటికి 75. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు వదిలి 72 ఏళ్ళ వయసులో రాజమండ్రి చేరాడు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశాడు. దానికి కొద్ది రోజుల ముందు కూడా ‘ప్రజామిత్ర’ కార్యాలయంలో పత్రికా సంపాదకుల ముందు నిలబడి వాడుక భాషను నిలబెట్టమని కోరాడు. ఆయన పుట్టినరోజే నేటి తెలుగు భాషా దినోత్సవం.

గిడుగు కథలోనే కందుకూరి వీరేశలింగం చివరి మలుపు ఉంది. 1906లో తన ఆస్తిని హితకారిణి సమాజానికి రాసి ఇచ్చిన వీరేశలింగం, ఎక్కువగా గ్రాంథికంలోనే రాసినవాడు. 1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు, దాని అధ్యక్ష పదవిని 70 ఏళ్ళ ఆ పెద్దమనిషి స్వీకరించాడు. గిడుగు కార్యదర్శి. మూడు నెలలు తిరగకుండానే, మే 27న, వీరేశలింగం మరణించాడు. తాను పెంచి పోషించిన శైలికి ఎదురుగా నిలిచిన వాదాన్ని డెబ్బయ్యో ఏట ఒప్పుకోవడానికి కావలసిన ధైర్యం వితంతు వివాహాలు చేయించిన ధైర్యం కంటే తక్కువదేమీ కాదు.

ఇంకా ముందు తరంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉన్నాడు. నిఘంటువులు అచ్చువేయించి 1854లో కొలువు వదిలి లండను వెళ్ళిన బ్రౌన్ అక్కడ కూడా తెలుగును వదల్లేదు. 1865లో లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 86వ ఏట, 1884లో మరణించాడు.

ఇంజనీర్లలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెప్పుకోవాలి. ఇంటిపేరే పూర్వీకుల తెలుగు ఊరిది. బొంబాయి ప్రభుత్వ కొలువు నుంచి గడువుకు ముందే తనంతట తాను తప్పుకుని విదేశాల్లో పర్యటిస్తున్న సమయంలో, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. నిజాం ప్రభుత్వం పిలుపు మీద 1909లో వచ్చి వరద నివారణ పథకం తయారుచేశాడు. నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలన్న ఆ ఆలోచనతోనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మైసూరు చీఫ్ ఇంజనీరు పదవి, దివాన్‌గిరీ అన్నీ ఆ పింఛను తరవాతివే. నూరేళ్ళు దాటి 1962లో పోయిన ఆయన జీవితంలో సగానికి పైగా ‘విశ్రాంత’ జీవితమే.

ఈ పేర్లన్నీ మగవాళ్ళవి కావడానికి కారణం తెలిసిందే. పింఛను కొలువుకు వస్తుంది, కొలువులు ఆడవాళ్ళకు చాలా ఆలస్యంగా దొరికాయి. వాళ్ళ పనికి ముగింపు తేదీ రాసినవారు లేరు. పొయ్యి దగ్గర కూర్చోలేని నాయనమ్మ వడియాలు పెట్టించేది, ఆవకాయలో ఉప్పుకారాల పాళ్ళు చెప్పేది, బాలింతకు పథ్యం వండించేది, ఉయ్యాల ఊపుతూ కథ చెప్పేది. మంత్రసానికి వయసే అర్హత, ఎన్ని పురుళ్ళు పోస్తే అంత నమ్మకం. కాని వితంతువులకు ఈ గౌరవం కూడా సులువుగా దక్కలేదు. బోడితలతో, ఒంటిపూట భోజనంతో, ఇంట్లో అందరికీ చాకిరి చేస్తూ ముసలివాళ్ళయిన వాళ్ళు లెక్కకు మించి ఉన్నారు. వాళ్ళకు పని ఉంది, దానికి పేరూ లేదు, మాటా లేదు.

పేరు మిగిలిన ఒకరిద్దరిలో డొక్కా సీతమ్మ ఒకరు. 1841లో మండపేటలో పుట్టి, గోదావరి లంకల్లోని లంకల గన్నవరంలో డొక్కా జోగన్న ఇంటికి కోడలిగా వచ్చింది. వేళకాని వేళ ఏరు దాటి వచ్చిన బాటసారులకు అన్నం పెట్టడం ఆ ఇంటి అలవాటు. యౌవనంలో మొదలైన ఆ వంట 1909లో ఆమె పోయేదాకా సాగింది. ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక వేడుకకు ఆమె ఫోటో కావాలని దొరలు కోరారంటే ఆ వంటింటి పేరు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది.

స్వాతంత్ర్యం తరవాత కొలువులు పెరిగాయి, పింఛనుదార్లూ పెరిగారు. విరమణ వయసు రాజకీయ ప్రశ్న అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1979లో 55 నుంచి 58కి పెంచిన ఆ వయసును, 1983లో కొత్తగా అధికారానికి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం తిరిగి 55కి దించింది. నిరుద్యోగ యువతకు చోటు చెయ్యాలన్నది వాదన. ఆ ఫిబ్రవరి 28న ఒక్కరోజులో 18,000 మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులు, దాదాపు 10,000 మంది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు ఇంటిదారి పట్టారు. పెళ్ళికాని కూతుళ్ళు, చదువులు ముగియని కొడుకులు, సగంలో ఆగిన ఇళ్ళు ఉన్నవారు అందులో ఎందరో. 1984 ఆగస్టు 23న మళ్ళీ 58 అయింది. ఆ పద్దెనిమిది నెలల్లో దిగిపోయినవారి సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఏ చట్టమూ కొలవని నష్టం కూడా అక్కడ ఉంది. ముందే తెలిసిన తేదీకి మనిషి మనసు సిద్ధం చేసుకుంటాడు, మూడు వారాల గడువులో సిద్ధం కాలేడు.

ఆ వయసు తగ్గింపుకు రెండు నెలల ముందే, 1982 డిసెంబరు 17న, డి.ఎస్.నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను యజమాని దయాధర్మం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఆంధ్రదేశం నుంచి వెళ్ళిన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి కూడా ఉన్నారు. డిసెంబరు 17ను పింఛనుదార్ల సంఘాలు ఈనాటికీ పింఛనర్ల దినంగా జరుపుతాయి. పట్టణాల్లో ఆ సంఘాల గదులు చిన్నవే. అక్కడ బల్ల మీద దినపత్రికలు, లైఫ్ సర్టిఫికెట్ నింపడానికి సాయం చేసే ఒక మాజీ గుమాస్తా, పోయినవారి భార్యలకు కుటుంబ పింఛను కాగితాలు రాసిపెట్టే ఒక మాజీ హెడ్మాస్టరు ఉంటారు. ఆ గుమాస్తాలూ హెడ్మాస్టర్లూ గిడుగు వారసులే అనడం అతిశయోక్తి కాదు.

పెద్ద పేర్లూ కొనసాగాయి. శ్రీపాద పినాకపాణి వైద్యశాస్త్ర ఆచార్యుడు. కర్నూలు వైద్య కళాశాల కొలువు ముగిశాక అదే ఊళ్ళో సంగీతానికి పూర్తిగా అంకితమయ్యాడు. నూకల చినసత్యనారాయణ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారికి పాఠం చెప్పిన ఆయన, తాను నేర్చిన బాణీలను స్వరపరచి ‘సంగీత సౌరభం’ సంపుటాలుగా కూర్చాడు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఆయనకు 70వ ఏట వచ్చింది. 2013 మార్చిలో, నూరేళ్ళకు అయిదు నెలలు తక్కువగా, కర్నూలులోనే మరణించాడు. భాషాశాస్త్రంలో భద్రిరాజు కృష్ణమూర్తి హైదరాబాదు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవి నుంచి 1993లో దిగాక, పాలన భారం లేని తీరికలో రాసిన ద్రావిడ భాషల బృహద్గ్రంథం కేంబ్రిడ్జి నుంచి 2003లో వెలువడింది. అప్పటికి ఆయనకు 75.

పింఛను కొలువు చేసినవారికే దక్కడం, పొలంలో అరిగిపోయినవారికి దక్కకపోవడం చాలాకాలం నడిచిన అన్యాయం. 1995 ఆగస్టు 15న కేంద్రం మొదలుపెట్టిన జాతీయ వృద్ధాప్య పింఛను పథకం 65 దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు ఇచ్చింది. తెలంగాణ 2014 నవంబరులో ఆసరా పేరుతో వెయ్యి రూపాయలు చేసింది, 2019లో అది 2,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 4,000. నెల మొదటి రోజున ఊళ్ళో పింఛను అందే వేళ ముసలమ్మల కబుర్లలో మందుల ఖర్చుతో పాటు మనవడికి కొనిపెట్టిన పెన్ను కూడా ఉంటుంది. ఇంట్లో ఇచ్చే చేయి కావడం ఆ కుటుంబాల్లో ముసలివారికి ఇదే మొదటిసారి. అయినా ఉపాధి హామీ పనికి గడ్డపార భుజాన వేసుకుని వచ్చేవారిలో అరవై దాటినవారు కనిపిస్తారు. ఉపాధి హామీ చట్టం పని అడగడానికి కనీస వయసు పెట్టింది తప్ప గరిష్ఠ వయసు పెట్టలేదు. కూలి కోసమే వస్తారన్నది నిజం. పదిమందితో కలిసి చెరువు మట్టి తవ్వే పూట కోసం కూడా వస్తారన్నదీ నిజం.

విరమణ వయసు తెలంగాణలో 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62కి చేరింది. ఆ వయసుకు పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్ళు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉన్నాయి. కూతురి పురిటికి, కోడలి పురిటికి ఆరేసి నెలల వీసా మీద వెళ్ళడం తెలుగు తల్లిదండ్రుల జీవితంలో కొత్త ఆశ్రమంలా స్థిరపడింది. కారు నడపడం రాకపోతే గడప దాటలేని ఊళ్ళో, మంచు కురిసే కిటికీ పక్కన, అమ్మమ్మ పప్పన్నం కలిపి పెడుతుంది. తాతయ్య వారాంతపు తెలుగు బడికి మనవరాలితో అక్షరాలు దిద్దిస్తాడు. వీసా గడువు ముగిసేసరికి ఆ పిల్ల గుణింతాల దాకా వస్తే, మిగతాది వీడియో కాల్‌లో రోజూ సాగుతుంది.